చిట్టాలో మూడో గడి: పిల్లల పిప్పిపళ్లకు ఇంటి లెక్క చూసుకోవడం ఎలా

తెనాలిలో మాది కిరాణా కొట్టు. 19 ఏళ్లుగా గల్లా పెట్టె దగ్గర కూర్చునేది నేనే. గల్లా పక్కన నాలుగు సీసాలు ఉండేవి. ఒకదాంట్లో రూపాయి చాక్లెట్లు, ఒకదాంట్లో నిమ్మతొనలు, ఒకదాంట్లో జీళ్లు, నాలుగోదాంట్లో వేరుశనగ అచ్చులు. చిల్లర లేనప్పుడు రూపాయికి బదులు చాక్లెట్ ఇచ్చి పంపేవాణ్ని. పిల్లలు సరుకులకు వస్తే కొసరు అడగకుండానే ఒక నిమ్మతొన చేతిలో పెట్టేవాణ్ని. ఆ చలవ వల్లే పక్క వీధి పిల్లలు కూడా మా కొట్టుకే వచ్చేవారు. అందులో తప్పేముందో నాకు చాలాకాలం తెలియలేదు.

మా చిన్నవాడికి మూడేళ్ల తొమ్మిది నెలలప్పుడు, ఒక రాత్రి రెండు గంటలకు పెదవి మీద చెయ్యి పెట్టుకుని లేచి కూర్చున్నాడు. పైవరుసలో ముందరి నాలుగు పళ్లు అప్పటికే గోధుమరంగుకు తిరిగి, అంచులు పెచ్చులూడి ఉన్నాయి. వాటిలో ఒకదాని పైన, చిగురు మీద, ఆవగింజంత చీముపొక్కు. అప్పటిదాకా చూడలేదని అబద్ధం చెప్పను. చూశాం. "పాలపళ్లే కదా, ఎలాగూ ఊడిపోయేవే" అంది మా అమ్మ. "మా నాన్నకు నలభై అయిదేళ్లకే కట్టుడుపళ్లు, మా వంశంలోనే పళ్లు గట్టివి కావు" అన్నాను నేను. మా ఆవిడ ఏమీ అనలేదు. కడుపుతో ఉన్నప్పుడు ఆమె దవడపన్ను పుచ్చి నొప్పి చేస్తే, కాన్పు అయ్యాక చూపించుకుందువులే అని వాయిదా వేయించింది మేమే.

మర్నాడు పళ్ల డాక్టరుగారి దగ్గర కూడా వంశం సంగతే ఎత్తాను. ఆవిడ విని, "తాతగారి పళ్ల విషయం తర్వాత చూద్దామండీ. బాబు రాత్రి ఎన్ని గంటలకు పడుకుంటాడు? నోట్లో ఏం పెట్టుకుని పడుకుంటాడు? పళ్లు ఎవరు తోముతారు?" అని అడిగారు. కొట్టు కట్టేసి నేను వచ్చేసరికి పదిన్నర. అప్పటిదాకా వాడు మేలుకునే ఉంటాడు. చక్కెర కలిపిన పాలసీసా నోట్లో పెట్టుకుని పడుకుంటాడు. పళ్లు వాడే తోముకుంటాడు, ఉదయం మాత్రమే. మూడు జవాబులూ చెప్పడం అయ్యేసరికి ఇక తాతగారి ఊసు ఎత్తడానికి నాకు మొహం చెల్లలేదు.

నేను డాక్టరును కాను. లెక్క రాయడం తెలిసినవాణ్ని. ఆ తర్వాత మూడేళ్లలో మా ఇంట్లో ఏది పని చేసిందో, డాక్టరుగారిని గుచ్చి గుచ్చి అడిగి ఏం తెలుసుకున్నానో రాస్తున్నాను.

రక్తంలో వచ్చేది కొంత, ఇంట్లో వచ్చేది ఎక్కువ

వంశం మాట పూర్తిగా అబద్ధం కాదు. పంటి మీద ఉండే పింగాణీ పొర గట్టిదనం, లాలాజలం ఊరే తీరు, పళ్లు ఇరుకుగా రావడం, ఇవి కొంతవరకు తల్లిదండ్రుల నుంచే వస్తాయి. నెలలు నిండకుండా పుట్టినవాళ్లకు, బరువు బాగా తక్కువగా పుట్టినవాళ్లకు పింగాణీ పొర బలహీనంగా ఉండవచ్చు. కొందరు పిల్లలకు ఆరేళ్ల వయసులో వచ్చే దవడపళ్లే పసుపు, గోధుమరంగు మచ్చలతో, పెళుసుగా వస్తాయి. అలాంటి పిల్లల తప్పూ లేదు, తల్లి తప్పూ లేదు. వాళ్లకు మిగతావారికంటే ముందుగా, ఎక్కువగా డాక్టరు చూపు కావాలి.

కానీ పళ్లు పుచ్చడానికి క్రిములు కావాలి, వాటికి తీపి కావాలి, ఆ రెండింటికీ సమయం కావాలి. బిడ్డ పుట్టినప్పుడు నోట్లో పళ్లే ఉండవు, పళ్లను పుచ్చబెట్టే క్రిములు ఎక్కడి నుంచి వస్తాయి? ఇంట్లోవాళ్ల నోళ్ల నుంచే, ఎక్కువగా బిడ్డకు దగ్గరగా ఉండే తల్లి నుంచి. పాలపీక కింద పడితే తన నోట్లో పెట్టుకుని చప్పరించి బిడ్డకు ఇవ్వడం, వేడి చూడటానికి చెంచా నోట్లో పెట్టుకుని అదే చెంచాతో తినిపించడం, ముద్ద నమిలి పెట్టడం మనందరి ఇళ్లలో ఉన్నవే. ఇది విని పిల్లను ముద్దు పెట్టుకోవడం మానేయకండి, ఇంట్లో నలుగురి మధ్య పెరిగే బిడ్డకు క్రిములు ఏదో దారిన చేరతాయి. చేయవలసింది పెద్దవాళ్ల పుచ్చుపళ్లు బాగు చేయించడం. మందు వేయించని పిప్పిపన్ను తల్లి నోట్లో ఉంటే, బిడ్డకు చేరే క్రిములూ ఎక్కువే. గర్భంతో ఉన్నప్పుడు పంటి వైద్యం చేయించకూడదనేది అపోహ. నాలుగో నెల నుంచి ఆరో నెల వరకు అనువైన సమయం, గర్భిణి అని ముందే చెబితే చాలు. మా ఆవిడ పన్నుకు అప్పుడే వైద్యం చేయించి ఉంటే ఎంత తేడా వచ్చేదో చెప్పలేను, చేయించవలసింది అని మాత్రం చెప్పగలను.

ముందు మూడు రోజుల చిట్టా

ఇది డాక్టరుగారు చెప్పిన పనే, కానీ నా పద్ధతిలో చేశాను. అరువు పుస్తకంలో ఒక పేజీకి మూడు గడులు గీశాను. సమయం, ఏమి తిన్నాడు, ఎవరిచ్చారు. మంచినీళ్లు తప్ప నోట్లోకి పోయే ప్రతిదీ రాయాలి. మూడు రోజుల్లో ఒకటి ఆదివారం అయి ఉండాలి. రాసేటప్పుడు ఎవరినీ ఏమీ అనకూడదు, అన్నారంటే మర్నాటి నుంచి చాటుగా పెట్టడం మొదలవుతుంది. మొదటి రోజు పేజీ ఇదీ, దాపరికం లేకుండా ఉన్నదున్నట్టు:

6:40 – పాలు, రెండు చెంచాల చక్కెర – అమ్మ
7:30 – టీలో ముంచిన రస్కు – నాన్నమ్మ
8:45 – ఇడ్లీ, పైన పంచదార – అమ్మ
10:10 – చాక్లెట్ – నాన్న
11:30 – గ్లూకోజ్ బిస్కెట్లు – నాన్న
1:15 – పప్పన్నం – అమ్మ
2:00 – పటికబెల్లం ముక్క, దగ్గు అని – నాన్నమ్మ
4:30 – పాలు, బిస్కెట్లు – అమ్మ
5:45 – జీడి – నాన్న
6:30 – పుట్టినరోజు చాక్లెట్ – పక్కింటి అత్తయ్య
8:30 – పెరుగన్నం – అమ్మ
10:20 – పాలసీసా – అమ్మ
రాత్రి 2:00 – పాలసీసా, ఏడిస్తే – నాన్న

పదమూడు పద్దులు. మధ్యాహ్నం పప్పన్నం, రాత్రి పెరుగన్నం తీసేస్తే పదకొండుసార్లు తీపి. తీపి మొత్తం తూకం వేస్తే పెద్దగా ఏమీ లేదు. కొట్లోంచి నేనిచ్చినదాని ఖరీదు పది రూపాయలు కూడా దాటదు. నన్ను కుదిపింది మూడో గడి. నేను ఇంట్లో ఉండను, పెంపకం అంతా ఆడవాళ్ల చేతుల్లో ఉంది అనుకునేవాణ్ని. ఆ పదకొండులో నా పేరు మీద నాలుగు, మా ఆవిడ పేరు మీద నాలుగు. మా అమ్మను (చిట్టాలో నాన్నమ్మ) ఊరికే ఆడిపోసుకున్నాం, ఆమెవి రెండే.

ఎంత తిన్నాడన్నదాని కంటే ఎన్నిసార్లు తిన్నాడన్నది ఎందుకు ముఖ్యమో నాకు అరువు ఖాతా భాషలోనే అర్థమైంది. తీపి నోట్లో పడిన కొద్ది నిమిషాల్లోనే పళ్ల మీద పాచిలోని క్రిములు దాన్ని ఆమ్లంగా మారుస్తాయి. నోటి పీహెచ్ (ఆమ్లాన్ని కొలిచే లెక్క, ఆమ్లం పెరిగేకొద్దీ ఇది తగ్గుతుంది) 5.5 కంటే కిందికి దిగితే పింగాణీలోని ఖనిజం కరగడం మొదలవుతుంది. ఇది పన్ను అప్పు పడటం. ఆ తర్వాత లాలాజలం ఆమ్లాన్ని కడిగి, కరిగినదాన్ని మళ్లీ కొంత పూడుస్తుంది. ఇది అప్పు తీర్చడం. తీర్చడానికి సుమారు అరగంట, ఒక్కోసారి ఇంకా ఎక్కువ పడుతుంది. భోజనం చేసిన వెంటనే నాలుగు చాక్లెట్లు తింటే ఒకటే అప్పు. అవే నాలుగు, గంటకొకటి చొప్పున తింటే నాలుగు అప్పులు. పాతది తీరకముందే కొత్తది రాసుకునే ఖాతాదారు ఏమవుతాడో మా వ్యాపారంలో వేరే చెప్పనవసరం లేదు.

అందుకని చాక్లెట్లను నిషేధించే పని పెట్టుకోలేదు. నిషేధిస్తే పక్కింటి అత్తయ్య ఉండనే ఉంది. పద్దుల సంఖ్య తగ్గించాం. మూడు భోజనాలు, మధ్యలో రెండుసార్లు చిరుతిండి, మిగతా సమయమంతా మంచినీళ్లు. ఇచ్చే తీపి ఏదైనా భోజనంతో పాటే. బడిలో ఇచ్చే బెల్లం రాగిజావ, పల్లీ చిక్కీలను తిట్టవద్దు, వాటిలో బలం ఉంది. తిన్నాక నోరు పుక్కిలిస్తే చాలు. కానీ బెల్లం మంచిది, పంచదార చెడ్డది అనే లెక్క పంటికి తెలియదు. తేనె, ఖర్జూరపు పాకం, పటికబెల్లం, దానికి అన్నీ ఒకటే. ఇంకా చెప్పాలంటే పటికబెల్లం అన్నింటికంటే మొండిది, పిల్లవాడు బుగ్గలో పెట్టుకుని పావుగంట చప్పరిస్తాడు.

కొట్టువాడిగా ఒక కిటుకు. ప్యాకెట్ వెనక ముడిసరుకుల జాబితాలో ఏది ఎక్కువ బరువుంటే అది ముందు రాయాలని నియమం. మొదటి మూడు పేర్లలో చక్కెర, గ్లూకోజ్ సిరప్, ఇన్వర్ట్ సిరప్, బెల్లం, తేనెల్లో ఏదైనా ఉంటే, ముందు వైపు ఎంత అందంగా పాలు, గోధుమ కంకులు బొమ్మ వేసినా అది తీపి పద్దే. ఉప్పు బిస్కెట్లు, చిప్స్ కూడా నిర్దోషులు కావు, పిండి పళ్ల సందుల్లో అంటుకుని క్రిములకు మెల్లగా మేతవుతుంది. నేను కొట్లో పిల్లవాడి కోసం జామకాయ ముక్కలు, ఉడికించిన అలసందలు పెట్టుకున్నాను. నాలుగేళ్లలోపు పిల్లలకు పల్లీలు, శనగల్లాంటి గట్టి గింజలు ఇవ్వకండి, గొంతులో అడ్డుపడతాయి. పొడి కొట్టి అన్నంలో కలపండి.

పాలసీసా మాన్పించడం

అన్నిటికంటే కష్టమైంది ఇదే. నిద్రలో లాలాజలం దాదాపు ఊరదు, అంటే అప్పు తీర్చే మనిషి సెలవులో ఉంటాడు. సీసాలోంచి పాలు పైవరుస ముందరి పళ్ల చుట్టూ చేరి గంటల తరబడి నిలుస్తాయి. కిందివరుస ముందరి పళ్లను నాలుక, లాలాజలం కాపాడతాయి కాబట్టి అవి చాలామందిలో బాగానే ఉంటాయి. మా వాడికీ అంతే. పైన నాలుగూ పుచ్చాయి, కింద నాలుగూ ముత్యాల్లా ఉన్నాయి. నాకు వంశం మీద నమ్మకం అక్కడే పోయింది. వంశంలో బలహీనత ఉంటే పైవరుసకే ఎందుకు ఉంటుంది?

మేము చేసిన క్రమం ఇది. మొదటి మూడు రాత్రులు చక్కెర సగం. తర్వాత మూడు రాత్రులు చక్కెర పూర్తిగా లేదు. ఆ తర్వాత రోజుకు కొంచెం చొప్పున పాలల్లో నీళ్లు పెంచుకుంటూ, రెండో వారం చివరికి సీసాలో ఒట్టి నీళ్లే. నీళ్ల సీసా మీద వాడికే విసుగు పుట్టి వదిలేశాడు. మధ్యలో రెండు రాత్రులు ఇల్లంతా జాగారం. పాలు పూర్తిగా మానలేదు, సాయంత్రం ఏడింటికి గ్లాసుతో, ఆ తర్వాత అన్నం, ఆ తర్వాత బ్రష్, ఆపైన నీళ్లు తప్ప ఏమీ లేవు.

దీనికి నేను కూడా ఒకటి వదులుకోవలసి వచ్చింది. నేను వచ్చేదాకా పిల్లవాణ్ని మేలుకొలిపి ఉంచేది నా కోసమే. నాన్న మొహం చూడకుండా పడుకోవడం వాడికి ఇష్టం లేదు, నాకూ లేదు. పదిన్నరకు నిద్రతో తూగుతున్న పిల్లవాడికి బ్రష్ ఎవరు పెడతారు? సీసా పెట్టడమే తేలిక. ఇప్పుడు వాడు తొమ్మిదికి పడుకుంటాడు. నేను ఎనిమిదింటికి కొట్టు మా తమ్ముడికి అప్పజెప్పి ఒక గంట ఇంటికి వస్తాను. ఆ గంటలో బేరం కొంత పోతుంది, పోనీ అనుకున్నాను.

తల్లిపాల గురించి అడిగేవాళ్లకు ఒక మాట. బిడ్డకు తల్లిపాలు మానేయమని ఎవరూ అనరు. మొదటి పన్ను మొలిచిన రోజు నుంచి పళ్లు తుడవడం, ఏడాది దాటాక రాత్రంతా రొమ్ము నోట్లో పెట్టుకునే నిద్రపోయే అలవాటును మెల్లగా తగ్గించడం, ఇవి చాలు. పాలపీకను తేనెలో ముంచి ఇవ్వడం మాత్రం అసలు వద్దు. ఏడాదిలోపు బిడ్డకు తేనె పళ్లకే కాదు, ప్రాణానికే ప్రమాదం కావచ్చు. రాత్రిపూట వేసే తియ్యటి దగ్గు మందులు బ్రష్‌కు ముందే వేయండి.

బ్రష్ పిల్లవాడి చేతిలో, పని మీ చేతిలో

చొక్కా గుండీలు, బూట్ల లేసులు తనంతట తాను పెట్టుకోలేని పిల్లవాడు పళ్లు సరిగా తోముకోలేడు. ఏడెనిమిదేళ్లు వచ్చేదాకా పెద్దవాళ్లే తోమాలి. ముందు వాణ్ని తోముకోనివ్వండి, ఆ తర్వాత మీరు పట్టండి. మా ఇంట్లో వాడు నాకు వీపు పెట్టి నిలబడతాడు, తల నా పొట్టకు ఆనించి పైకి చూస్తాడు. ఎడమ చేతి వేలితో పెదవి పక్కకు జరిపి, చిగురు, పన్ను కలిసే గీత మీద బ్రష్ చిన్న చిన్న గుండ్రాలుగా తిప్పుతాను. ఎదురుగా నిలబడి తోమితే మొహం తిప్పేస్తాడు. చంటిపిల్ల అయితే ఒకరి ఒళ్లో కాళ్లు, ఇంకొకరి ఒళ్లో తల పెట్టి పడుకోబెట్టండి. రెండు నిమిషాలు. రోజుకు రెండుసార్లు, రాత్రిది తప్పనిసరి.

పేస్టు సంగతి. మూడేళ్లలోపు బియ్యపు గింజంత, మూడు నుంచి ఆరేళ్ల వరకు బఠాణీ గింజంత. ప్రకటనల్లో బ్రష్ నిండా అల వేసినట్టు పెట్టేది పేస్టు అమ్ముడుపోవడానికి, పళ్లకు కాదు. ఉమ్మేయడం నేర్పండి, ఉమ్మేశాక గ్లాసు నీళ్లతో పుక్కిలించవద్దు, పేస్టు పలుచగా పళ్ల మీద ఉండాలి. ట్యూబు వెనక, పళ్లు పుచ్చకుండా కాపాడే ఫ్లోరైడ్ ఎంతో చూడండి, 1000 పీపీఎం (పది లక్షల పాళ్లలో వెయ్యి పాళ్లు) ఉన్నది ఉపయోగపడుతుంది. పిల్లల బొమ్మలున్న కొన్ని పేస్టుల్లో అందులో సగమే ఉంటుంది, కొన్ని మూలికల పేస్టుల్లో అసలు ఉండదు. నా కొట్లో మూడు రకాలూ ఉన్నాయి, అడిగినవాళ్లకు చెప్పి ఇస్తున్నాను.

మా ఆవిడ మేనమామ వాళ్లది నల్లగొండ జిల్లా. ఆయన పేస్టు ట్యూబు చూసి అదిరిపోయాడు. "ఫ్లోరైడుతోనే మా ఊళ్లో జనం నడుములు వంగిపోయాయి, పిల్లాడికి అదే పూస్తావా?" అన్నాడు. ఆయన భయం ఊరికే వచ్చింది కాదు. మన తెలుగు నేల మీద నెల్లూరు జిల్లా పల్లెల్లో ఈ జబ్బును 1937లోనే వైద్యులు గుర్తించి రాశారు, నల్లగొండ బాధ అందరికీ తెలిసిందే. కానీ ఆ హాని ఏళ్ల తరబడి తాగే నీళ్ల నుంచి, ఒళ్లంతటికీ చేరిన ఫ్లోరైడు వల్ల. పళ్ల మీద బియ్యపు గింజంత రాసి ఉమ్మేసేది వేరు. మీ బోరు నీటిలో లీటరుకు 1.5 మిల్లీగ్రాముల కంటే ఎక్కువ ఫ్లోరైడు ఉంటే ముందు తాగే నీరు మార్చండి, పేస్టు విషయం పిల్లల పళ్ల డాక్టరును అడగండి. పిల్లలు పేస్టు తియ్యగా ఉందని మింగకుండా, ట్యూబు అందకుండా చూసుకోవడం ఎక్కడైనా తప్పదు. బొగ్గు, ఇటుక పొడి, పొగాకు కలిసిన పళ్లపొడులు పిల్లల దగ్గరికే రానివ్వకండి.

నెలకోసారి పెదవి ఎత్తి చూడండి

ఇది నేర్చుకోవడానికి అయిదు నిమిషాలు చాలు, నాకు తెలిసి ఉంటే మా వాడి పన్ను పోయేది కాదు. పగటి వెలుతురులో, కిటికీ వైపు మొహం ఉండేలా పిల్లవాడి తలను ఒళ్లో పెట్టుకోండి. బొటనవేలితో పై పెదవిని ముక్కు దాకా ఎత్తండి. పలుచటి బట్టతో పళ్లు తడి లేకుండా తుడవండి, తడి ఉంటే మచ్చ కనబడదు. ఇప్పుడు చిగురు అంచు వెంబడి చూడండి. అక్కడ ముగ్గు గీత లాంటి తెల్లటి, మెరుపులేని చార కనిపిస్తే పుచ్చడానికి అదే తొలి అడుగు. ఈ దశలో పన్నుకు గుంట పడలేదు, అప్పు ఇంకా తీర్చగలిగినంతే ఉంది. తీపి పద్దులు తగ్గించి, ఫ్లోరైడ్ పేస్టుతో తోమి, డాక్టరు చేత ఫ్లోరైడ్ వార్నిష్ పూయిస్తే చాలావరకు ఆగిపోతుంది. చార పసుపు, గోధుమరంగుకు తిరిగితే ఆ నెలలోనే వెళ్లాలి. తర్వాత నోరు పెద్దగా తెరిపించి దవడపళ్ల గాడులు, పళ్ల సందులు చూడండి.

మొదటిసారి డాక్టరు దగ్గరికి వెళ్లవలసింది నొప్పి వచ్చినప్పుడు కాదు, మొదటి పుట్టినరోజు నాటికి. ఆరేళ్లప్పుడు మళ్లీ బాగా చూడండి. పాలపళ్ల వరుస చివర, ఏ పన్నూ ఊడకుండానే కొత్త దవడపన్ను వస్తుంది. అది పాలపన్ను అనుకుని వదిలేసినవాళ్లు మా వీధిలోనే నలుగురున్నారు. అది జీవితాంతం ఉండవలసింది. వెనక పాలపళ్లు పది, పన్నెండేళ్ల దాకా నోట్లో ఉండి, రాబోయే పళ్లకు చోటు పట్టి ఉంచుతాయి. ఎలాగూ ఊడేవే కదా అనే మాటకు జవాబు ఇదే.

అమ్మతో మాట్లాడటం

చిట్టా చూపించి అమ్మను కూర్చోబెట్టడం నా పొరపాటు. "మేము బెల్లం తినలేదా? నిన్ను పెంచలేదా?" అని రెండు రోజులు మాట్లాడలేదు. మూడో రోజు నేనే వెళ్లి, "అమ్మా, నీ పళ్లు ఎన్ని మిగిలాయో లెక్క పెట్టనా?" అన్నాను. నోరు తెరిచి తానే నాలుకతో తడుముకుని లెక్క పెట్టింది. పదకొండు. ఆ తర్వాత ఇద్దరం నవ్వుకున్నాం.

అప్పుడు అర్థమైంది ఏమిటంటే, నాన్నమ్మ చేతిలోంచి పటికబెల్లం లాక్కుంటే ఆ చేతికి ఇంకో పని ఇవ్వాలి. మనవడికి ఇవ్వడానికి ఆమె దగ్గర ఏదో ఒకటి ఉండాలి కదా. రాత్రి బ్రష్ తోమే పని ఆమెకు అప్పజెప్పాం, నేను లేని రోజుల్లో. కథ చెబుతూ తోముతుంది. కథ అయ్యేదాకా నోరు మూయడానికి లేదు. నా రెండు నిమిషాలు ఆమె దగ్గర అయిదవుతాయి.

డబ్బు లేదని ఆగకండి

మా వాడి చీముపట్టిన పన్ను తీసేశారు. మిగిలిన మూడింటికి సిల్వర్ డయమీన్ ఫ్లోరైడ్ అనే మందు పూశారు. డ్రిల్లు లేదు, సూది లేదు, చుక్క మందు పూయడమే. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో దీన్ని అత్యావశ్యక మందుల జాబితాలో చేర్చింది. పుచ్చు పెరగడం ఆగుతుంది కానీ ఆ భాగం నల్లగా మారుతుంది. బంధువుల పెళ్లిలో "పిల్లాడి పళ్లేమిటి ఇలా మసిబారాయి" అని అడగనివాళ్లు లేరు. అమ్మ పమిటతో వాడి నోరు మూసినంత పని చేసింది. డాక్టరు చెప్పినా నలుపు గురించి ముందే ఇంట్లో అందరికీ చెప్పి ఒప్పించండి, లేకపోతే రెండోసారి పూయించడానికి ఎవరూ వెళ్లనివ్వరు.

ప్రైవేటులో ఖర్చు భరించలేకపోతే విజయవాడ, కడప, హైదరాబాదుల్లో ప్రభుత్వ దంతవైద్య కళాశాలలున్నాయి. 2013 నుంచి రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద అంగన్‌వాడీలకు, ప్రభుత్వ బడులకు వచ్చే వైద్య బృందాలు పళ్లు కూడా చూస్తాయి. ఆ రోజు పిల్లను బడి మాన్పించకండి. నొప్పికి మందుల షాపులో యాంటీబయాటిక్ కొని వేస్తే వాపు తగ్గుతుంది, పుచ్చు తగ్గదు, నెల తిరక్కుండా మళ్లీ వస్తుంది. లవంగం నూనె ఆ పూటకే. సంతల్లో పంటి పురుగులు తీస్తామని వచ్చేవాళ్లు చూపించే పురుగు వాళ్లు తెచ్చుకున్నదే. బుగ్గ వాచి జ్వరం వస్తే, కన్ను కిందికి వాపు పాకితే, మింగలేకపోతే, ఆ రాత్రే ఆసుపత్రికి వెళ్లండి.

గల్లా పక్కన ఇప్పుడు రెండే సీసాలు, అవీ పై అరలో. చిల్లరకు బదులు చాక్లెట్ ఇవ్వడం మానేశాను. నిజానికి ఫోనుతో డబ్బు కట్టడం వచ్చాక చిల్లర గొడవే తగ్గింది, అందులో నా త్యాగం పెద్దగా లేదు. కొసరు మాత్రం పిల్లలు ఇంకా అడుగుతారు, గుప్పెడు పుట్నాలు పెడతాను. ఇద్దరు ముగ్గురు పక్క కొట్టుకు మారిపోయారు.

చిన్నవాడికి ఇప్పుడు ఏడేళ్లు. వెనక నాలుగు కొత్త దవడపళ్లు వచ్చాయి, వాటి గాడులు పూడ్చే సీలెంట్ వేయించాం. పోయిన వారం పైవరుసలో చివరి నల్లపన్ను ఊడింది. అమ్మ దాన్ని పేడ ముద్దలో పెట్టి వాడి చేతికిచ్చి ఇంటి కప్పు మీదికి విసిరించింది. తర్వాత వాణ్ని అరుగు మీద కూర్చోబెట్టుకుని, కొంగుతో తుడిచి, పెదవి ఎత్తి, కొత్త పన్ను అంచు కనబడుతోందా లేదా అని చాలాసేపు చూసింది.